స్విచ్‌లో చిన్న గేములు అంత బాగా ఎందుకు అమ్ముడవుతాయి? కారణాలు, పోర్ట్ లెక్కలు ఇక్కడ పోగేద్దాం

గోదారి_పిక్సెల్:
చేతిలో పట్టుకునీ, టీవీకి పెట్టీ ఆడే కన్సోల్ నింటెండో స్విచ్ 2017 మార్చి 3న వచ్చింది. చిన్న గేములు అంటే ఇక్కడ చిన్న జట్లు చేసే ఇండీ గేములు. స్టార్డ్యూ వ్యాలీ అందులోకి వచ్చింది అక్టోబరు 5న. అప్పటికే పీసీలో అది ఏడాదిన్నర పాత గేమ్. అయినా ఆ ఏడాది స్విచ్‌లో అన్నిటికంటే ఎక్కువ డౌన్‌లోడ్ అయింది అదేనని నింటెండోయే చెప్పింది. వండర్ బాయ్: ది డ్రాగన్స్ ట్రాప్ మిగతా మూడు ప్లాట్‌ఫారాల్లో కలిపి ఎంత అమ్ముడైందో, ఒక్క స్విచ్‌లో అంతకంటే ఎక్కువ అమ్ముడైంది. హాలో నైట్ 2018 జూన్ 12న స్విచ్‌లోకి వచ్చి రెండు వారాల్లో రెండున్నర లక్షల కాపీలు దాటింది. అది కూడా పీసీలో ముందే ఉన్నదే.

దీనికి "చేతిలో పట్టుకుని ఆడొచ్చు కదా" అన్న ఒక్క జవాబు సరిపోదు. సోనీ వీటా కూడా చేతిలో పట్టేదే, దానిలోనూ మంచి చిన్న గేములు చాలానే ఉండేవి. అక్కడ జరగనిది ఇక్కడ ఎందుకు జరిగింది? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. పోర్ట్ చేసేటప్పుడు, అంటే ఒక మెషీన్‌కు చేసిన గేమ్‌ను ఇంకోదానికి మార్చేటప్పుడు, ఎక్కడ దెబ్బ తింటారో కూడా రాస్తే ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లకు పనికొస్తుంది.

ఖాళీ_అర:
మొదటి కారణం దుకాణం ఖాళీగా ఉండటం. నింటెండో అంతకుముందరి కన్సోల్ వీ యూ డిస్కులు స్విచ్‌లో పనిచేయవు. అంటే కొత్త స్విచ్ కొన్న ప్రతి మనిషీ సున్నా గేములతో మొదలుపెట్టాడు. పీసీలో ఆడేవాడికి కొని ముట్టుకోని గేములు వందల్లో పడి ఉంటాయి, కొత్తది కొనాలంటే వాటితో పోటీ. స్విచ్‌లో బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ పూర్తయ్యాక తర్వాత ఏం ఆడాలి అని నింటెండో ఆన్‌లైన్ దుకాణం ఈషాప్ తెరిస్తే కనపడేవి కొన్నే. అందులో 15 డాలర్లకు మంచి గేమ్ ఉంటే ఆలోచించకుండా కొన్నారు. కన్సోల్ విడుదలకు మూడు రోజుల ముందే, ఫిబ్రవరి 28న, నింటెండో చిన్న గేములకు మాత్రమే ఒక ప్రదర్శన పెట్టింది. ఇప్పటి ఇండీ వరల్డ్ కార్యక్రమాలకు మూలం అదే.

వీటాకు రానిది ఇంకోటి ఉంది, జనం. స్విచ్ 15 కోట్లు దాటి అమ్ముడైంది. వీటా కొన్నవాళ్ల సంఖ్య దానిలో చిన్న భాగమంతే. నా లెక్కలో 2017, 2018 విజయాలకు సగం కారణం ఈ ఖాళీ అరే. దాన్ని చూసి ఇవాళ అంచనాలు వేసుకోకూడదు.

ఫ్రేమ్_లెక్క:
ఖాళీ_అర గారూ, సగం అంటే ఒప్పుకోను. అర నిండిపోయాక కూడా హేడిస్ (2020 సెప్టెంబరు), వాంపైర్ సర్వైవర్స్ (2023 ఆగస్టు), బలాట్రో (2024 ఫిబ్రవరి) స్విచ్‌లో నిలబడ్డాయి. పవర్ బటన్ కూడా ఒక కారణం. ఒకసారి నొక్కితే గేమ్ ఉన్నచోటే ఆగిపోతుంది, మళ్లీ నొక్కితే రెండు మూడు సెకన్లలో అక్కడి నుంచే మొదలు.

స్టార్డ్యూనే తీసుకోండి. గేములో ఒక రోజు ఉదయం 6 నుంచి రాత్రి 2 దాకా, మన గడియారంలో సుమారు 14 నిమిషాలు. మామూలుగా సేవ్ అయ్యేది పాత్ర మంచమెక్కి పడుకున్నప్పుడే. పీసీలో మధ్యాహ్నం పూట గనిలో ఉండగా లేవాల్సి వస్తే, ఆ రోజు వదులుకోవాలి లేదా మెషీన్ ఆన్‌లోనే ఉంచాలి. స్విచ్‌లో బటన్ నొక్కి సంచిలో వేసుకుంటే చాలు, సాయంత్రం బస్సులో అదే గనిలో అదే మెట్టు మీద తేలతారు. గేమ్‌లో ఒక్క అక్షరం మారలేదు, కానీ దాని లోపం ఒకటి మెషీన్ తీర్చేసింది. సెలెస్ట్‌లో ఒక గది, బలాట్రోలో ఒక పేకాట చెయ్యి, హేడిస్‌లో ఒక గది, అన్నీ రెండు మూడు నిమిషాల ముక్కలు. ఆ ముక్క ఎంత చిన్నదైతే ఈ మెషీన్‌కు అంత సరిగ్గా అతుకుతుంది. గంటన్నర కూర్చోకపోతే కథ అందని గేమ్‌కు ఈ లాభం ఉండదు.

చార్మినార్_బిల్డ్:
హార్డ్‌వేర్ సంగతి నేను చెప్తా. స్విచ్‌లో ఉన్నది టెగ్రా ఎక్స్1 చిప్, 4 జీబీ మెమరీ. సిస్టమ్‌కు పోను గేమ్‌కు దక్కేది సుమారు 3 జీబీ. చేతిలో 1280×720, టీవీకి పెడితే 1920×1080. పెద్ద గేములు దీనిలోకి రావాలంటే నరికి నరికి తేవాలి, పక్కన వేరే కన్సోల్‌తో పోలిస్తే తేలిపోతాయి. రెండు డైమెన్షన్ల గేమ్‌కు ఆ బాధ లేదు, ఏడు అంగుళాలు మించని తెర మీద ఇంకా ముద్దుగా కనపడుతుంది. కొనేవాడికి "తక్కువ వెర్షన్ కొంటున్నా" అన్న ఫీలింగ్ రాదు. అందుకే రెండోసారి కూడా కొంటారు.

పిక్సెల్ ఆర్ట్ వేసేవాళ్లకు ముఖ్యమైన మాట: మొదటి రోజే గేమ్ గీసే కొలతగా 320×180 గానీ 640×360 గానీ పట్టుకోండి. 320×180ని 4తో గుణిస్తే 720, 6తో గుణిస్తే 1080. సెలెస్ట్ కొలత ఇదే. 640×360 అయితే 2, 3. చాలామంది పీసీ చూసుకుని 480×270 పెడతారు. 1080కి 4 రెట్లు, బాగానే ఉంటుంది. 720కి వచ్చేసరికి 2.67 రెట్లు. అప్పుడు ఒక పిక్సెల్ 2 చుక్కల వెడల్పు, పక్కది 3 చుక్కల వెడల్పు అవుతుంది. బొమ్మ నడుస్తుంటే మొహం మీద కళ్లు ఒకసారి లావు, ఒకసారి సన్నం. కెమెరా కదిలినప్పుడు నేలంతా నీళ్లలా అలలు కొడుతుంది. గేమ్ పూర్తయ్యాక దీన్ని సరిచేయడం అంటే ప్రతి గదీ, ప్రతి మెనూ మళ్లీ కొలవడమే. పీసీ గేములు చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ తెర 1280×800, అక్కడ 4 రెట్లకు పైన కింద 40 చుక్కల నల్లపట్టీ మిగుల్తది, అది పర్వాలేదు.

నూజివీడు_షేడర్:
"రెండు డైమెన్షన్లకు బాధ లేదు" అన్నమాట మీద చిన్న సవరణ. చిన్న గేములు ఇక్కడ ఇరుక్కునేది పారదర్శకమైన పొరల దగ్గర. మంచు, పొగ, దీపం వెలుగు, రంగు పూత, ఇలా తెర నిండా పరుచుకునే పొరలు. లెక్క చూడండి: 1080లో ఒక పొర 8.3 ఎంబీ. బొమ్మ చదవాలి, కింద ఉన్నది చదవాలి, కలిపి రాయాలి, మొత్తం దాదాపు 25 ఎంబీ. ఆరు పొరలకు 150. సెకనుకు 60 ఫ్రేములైతే 9 జీబీ. డాక్‌లో (టీవీకి కలిపే స్టాండులో) మెమరీ వేగం సెకనుకు 25.6 జీబీ, అందులో మూడో వంతు పైగా ఒట్టి పొగకే పోయింది. చేతిలో ఆ వేగం ఇంకా తక్కువ, అయితే పిక్సెళ్లూ తక్కువే కాబట్టి సర్దుకుంటుంది. అందుకే కొన్ని గేములు చేతిలో నున్నగా నడిచి టీవీలో తడబడతాయి. పొగనూ వెలుగునూ సగం కొలతలో గీసి పెద్దది చేయండి, ఖర్చు నాలుగో వంతుకు దిగుతుంది, తేడా కంటికి తెలియదు.

బొమ్మల మెమరీ: 2048×2048 షీట్ కుదించకపోతే 16 ఎంబీ. ఏఎస్‌టీసీ అనే కుదింపు పద్ధతి 4×4లో 4 ఎంబీ, 6×6లో 2 ఎంబీ లోపు. చేత్తో గీసిన ఆర్ట్‌కు 6×6 చాలు. పిక్సెల్ ఆర్ట్‌కు మాత్రం వద్దు, అంచులు మురికిగా మారతాయి.

యూనిటీ ఇంజిన్ వాడేవాళ్లు చెత్త సేకరణ (వాడేసిన మెమరీని ఇంజిన్ ఖాళీ చేసే పని) కుదుపులు పీసీలో గమనించరు, ఇక్కడ సీపీయూ 1 గిగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది కాబట్టి ప్రతి కొన్ని సెకన్లకూ ఒక ఎగుడు తగులుతుంది. బుల్లెట్లు, శత్రువులు, అంకెలు చూపే అక్షరాలు, అన్నీ ముందే చేసి పెట్టుకుని తిప్పి వాడండి. గొడో ఇంజిన్‌లో చేసినవాళ్లకు అధికారిక స్విచ్ ఎగుమతి లేదు, ఆ పని చేసిపెట్టే బయటి సంస్థలకు ఇవ్వాలి, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

లాట్‌చెక్_లక్ష్మి:
నింటెండో పరీక్ష, అంటే లాట్‌చెక్, అందులో గేమ్ తిరిగొచ్చే కారణాలు. నియమాల పత్రం ఒప్పందం చేసుకున్నవాళ్లకే కనిపిస్తుంది కాబట్టి దాని మాటలు ఇక్కడ రాయను. ఎవరైనా ఊహించగలిగేవి చెప్తాను, ఎందుకంటే పోయేది వీటి దగ్గరే.

మెషీన్ నిద్ర లేచాక మొదటి ఫ్రేముకు గడిచిన సమయం ఎంత అని అడిగితే, కొన్ని ఇంజిన్లు గంటలు అని చెబుతాయి. పాత్ర గోడలోంచి దూరి పోతుంది, టైమర్లన్నీ ఒక్కసారే మోగుతాయి. ఆ విలువను 0.05 సెకను దాటనివ్వకండి. ఆట మధ్యలో ఎడమ జాయ్‌కాన్ (పక్కన తగిలించే కంట్రోలర్) ఊడదీస్తే గేమ్ ఆగి, ఏ కంట్రోలర్ వాడతారో అడగాలి. డాక్‌లోంచి తీసిన క్షణంలో మెనూ తెరిచి ఉంటే అది పాత కొలతలోనే మిగిలిపోతుందేమో చూడండి, దీన్ని ఎవరూ పరీక్షించరు. స్విచ్‌లో A బటన్ కుడివైపు, B కిందవైపు. ఎక్స్‌బాక్స్‌కు ఇది తిరగబడి ఉంటుంది. గేమ్ లోపల సరిచేసి, నేర్పే పాఠంలో బొమ్మలు మార్చడం మర్చిపోతారు. వెనకవైపు ట్రిగ్గర్ బటన్లు జెడ్ఎల్, జెడ్ఆర్‌లు సగం నొక్కుడు గుర్తించవు, కారు గేమ్ అయితే యాక్సిలరేటర్ వేరే ఆలోచించాలి. సేవ్ ప్రతి చిన్న మార్పుకూ రాయకండి, గది మారినప్పుడు ఒకసారి చాలు.

ఒకసారి వెనక్కొస్తే మళ్లీ వరుసలో నిలబడాలి. విడుదల తేదీ ప్రకటించేముందు కనీసం ఒక తిరస్కరణకు సరిపడా వారాలు పక్కన పెట్టుకోండి.

గోదారి_పిక్సెల్:
లక్ష్మి గారూ, ఇది బంగారం. ధరల సంగతి ఎవరైనా చెప్పగలరా? ఈషాప్‌లో ఎప్పుడు చూసినా 80, 90 శాతం తగ్గింపులే. అంత తగ్గించి ఏం మిగులుతుంది?

ఖాళీ_అర:
ఆ తగ్గింపులకు కారణం ఈషాప్‌లో ఎక్కువ అమ్ముడైన గేముల పట్టిక. చాలా ఏళ్లు ఈషాప్ అమ్మకాల వరుస డబ్బును బట్టి కాకుండా 14 రోజుల డౌన్‌లోడ్ల సంఖ్యను బట్టి నడిచింది. 60 డాలర్ల గేమ్ ఒకటి, 2 డాలర్ల గేమ్ ఒకటి, రెండూ పట్టికలో ఒకటే. కాబట్టి రెండు వారాలు దాదాపు ఊరికే ఇచ్చి పట్టిక పైకెక్కి, ధర పెంచాక అక్కడున్న కొద్ది రోజుల్లో సంపాదించుకోవడం ఒక పద్ధతి అయిపోయింది. 2025లో వరుసను వచ్చిన డబ్బు లెక్కకు మార్చారు, ఆ దారి మూసుకుపోయింది. మంచి పనే. దాని వల్ల నిజాయితీగా ధర పెట్టిన గేములు ఏళ్ల తరబడి నలిగిపోయాయి.

లెక్క: 14.99 డాలర్ల గేమ్ 80 శాతం తగ్గిస్తే 3 డాలర్లు. దుకాణం వాటా 30 శాతం పోతే 2.10. అందులోంచి పబ్లిషర్, పోర్ట్ చేసినవాళ్లు, పన్ను. మొదటి ఏడాది 20, 30, 40 ఇలా మెట్లు మెట్లుగా దిగండి. కోరికల జాబితాలో పెట్టుకున్నవాళ్లకు తగ్గింపు కబురు వెళ్తుంది, ఒకేసారి 80కి దూకితే మధ్యలో 10 డాలర్లకు కొనేవాళ్లంతా 3 డాలర్లకు కొంటారు.

చార్మినార్_బిల్డ్:
మనవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలె. స్విచ్ ఇక్కడ బయటి నుంచి తెప్పించుకున్నదే, మన రూపాయల ఈషాప్ లేకుండానే ఇన్నేళ్లు నడిచింది. అమెరికా ఖాతా పెట్టి గిఫ్ట్ కార్డు కొనడమే చాలామంది దారి. కార్డు ఏ దేశానిదో ఖాతా ఆ దేశానిదై ఉండాలె, బ్యాలెన్స్ మిగిలి ఉంటే దేశం మార్చనివ్వదు. పీసీ గేముల దుకాణం స్టీమ్‌లో రూపాయల ధర ఉంది కాబట్టి ఇక్కడివాళ్లు పీసీలోనే కొంటరు. హైదరాబాద్ ఓగర్‌హెడ్ వాళ్ల అసుర 2017లో పీసీలో మొదలైంది. పుణె నాడింగ్ హెడ్స్ వాళ్ల రాజీ మాత్రం 2020 ఆగస్టులో మొదట స్విచ్‌లోనే వచ్చి, మిగతావాటికి అక్టోబరులో పోయింది. ఆ రెండు నెలలు నింటెండో వాళ్ల చూపు దాని మీద ఉండటం చిన్న జట్టుకు పెద్ద సాయం. అంటే స్విచ్ గేమ్ కొనేది అమెరికా, జపాన్, యూరప్ జనం. మొదట అనువదించాల్సింది జపనీసులోకి.

అక్షర_కొలత:
జపనీసు అన్నారు కాబట్టి అక్షరాల కొలత చెప్పాలి. పీసీలో 1080 మీద 24 పిక్సెళ్ల అక్షరం 720లో 16 అవుతుంది. ఇంగ్లీషు ఎలాగో చదవొచ్చు, కాంజీ అనే జపనీసు అక్షరాల గీతలు అతుక్కుపోతాయి. 720 మీద 22 కంటే తగ్గకండి. స్విచ్ లైట్ తెర 5.5 అంగుళాలే, దాని మీదే పరీక్షించండి, మానిటర్ మీద కాదు.

తెలుగు పెట్టాలనుకునేవాళ్లకు ఇది ఇంకా కష్టం. యూనిటీలో అక్షరాలు చూపే టెక్స్ట్‌మెష్‌ప్రోలో "స్త్రీ" అని పెడితే ఒత్తులు కిందికి దిగవు, పొల్లులతో అక్షరాలు వరుసగా నిలబడతాయి. గొడో 4లో, అన్‌రియల్ ఇంజిన్ పూర్తి షేపింగ్‌లో (అక్షరాలను కలిపి రూపం కట్టే పద్ధతిలో) సరిగ్గా వస్తుంది. పైన గుడి, కింద రెండు ఒత్తులు పట్టాలంటే వరుసల మధ్య ఎడం అక్షరానికి 1.6 రెట్లయినా ఉండాలి. ఇంగ్లీషు కొలతతో గీసిన మాటల పెట్టెలో మూడు వరుసలు పట్టే చోట తెలుగు రెండే పడుతుంది. పెట్టె గీసే రోజే ఆ ఖాళీ వదలండి. మన భాషలో ఒక గేమ్ ఆ తెర మీద శుభ్రంగా కనపడాలని నాకు చాలా ఉంది.

నూజివీడు_షేడర్:
చివరగా స్విచ్ 2 మాట. 2025 జూన్ 5న వచ్చింది, తెర 7.9 అంగుళాలు, 1080. పాత స్విచ్ గేములు దాదాపు అన్నీ దానిలో నడుస్తాయి, చాలావాటికి లోడింగ్ వేగం పెరుగుతుంది. కానీ చేతిలో ఆడేటప్పుడు పాత గేమ్ మామూలుగా 720లోనే గీస్తుంది, దాన్ని ఒకటిన్నర రెట్లు సాగదీస్తారు. పైన చార్మినార్_బిల్డ్ చెప్పిన 2.67 సమస్య ఇక్కడ 1.5 రూపంలో తిరిగొచ్చింది. 320×180 మీద కట్టిన గేమ్ అయితే స్విచ్ 2 కోసం ఒక ప్యాచ్ పెట్టి చేతిలో కూడా 6 రెట్లు గీయమంటే చాలు, ఆర్ట్ ముట్టుకోనక్కర్లేదు. 480×270 వాళ్లకూ దానిలో నాలుగు రెట్లు సరిగ్గా కూర్చుంటుంది, పాత స్విచ్ బిల్డ్‌ను మాత్రం విడిగా చూసుకోవాలి.