పైకప్పు మీద సోలార్ ఉంది, పెట్టిన కంపెనీ లేదు

అందరికీ నమస్కారం. మేము అమెరికా వచ్చి రెండేళ్లయింది. ఈమధ్యే మొదటి ఇల్లు కొన్నాం, రీసేల్ ఇల్లు. పైకప్పు మీద 22 సోలార్ ప్యానెళ్లు ఉన్నాయి. లీజు కాదు, సొంతానివే అని కాగితాల్లో ఉంది. ఇంట్లో దిగి మూడు వారాలైంది, యాప్‌లో రోజూ సున్నానే చూపిస్తోంది. పెట్టిన కంపెనీ నంబరు పని చేయడం లేదు. నెట్‌లో వెతికితే మూతపడిందని తెలిసింది. ఇల్లు అమ్మినాయన మాత్రం "25 ఏళ్ల వారంటీ ఉంది, దిగుల్లేదు" అన్నారు. అది ఇప్పుడు ఉన్నట్టా, లేనట్టా? దీనికి తోడు నిన్న ఒకతను తలుపు కొట్టి, ఆ కంపెనీ వారంటీలన్నీ మేమే చూస్తున్నాం, ఇక్కడ సంతకం పెడితే చాలు అన్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. పెట్టమంటారా?

*

ముందు ఆ సంతకం మాత్రం పెట్టకండి. ఒక కంపెనీ మూతపడిందని తెలియగానే దాని కస్టమర్ల ఇళ్ల చుట్టూ తిరిగేవాళ్లు బయల్దేరతారు. అందులో నిజంగా సర్వీస్ చేసేవాళ్లూ ఉండొచ్చు. కానీ తలుపు దగ్గర పెట్టించుకునే సంతకం కింద కొత్త ప్యానెళ్ల ఒప్పందమో, కొత్త లోనో ఉంటే మీరు ఇరుక్కుంటారు. మళ్లీ వస్తే కాగితం ఇచ్చి వెళ్లమనండి. మీ ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడుకునేలా మార్చే పరికరం) తయారుచేసిన కంపెనీకి ఫోన్ చేసి, వీళ్లు మీకు తెలుసా అని అడగండి.

రెండోది, యాప్‌లో సున్నా ఉన్నంత మాత్రాన ప్యానెళ్లు ఆగిపోయాయని అనుకోవద్దు. పాత ఓనరు వెళ్తూ వెళ్తూ తన ఇంటర్నెట్ కనెక్షన్ తీసేసి ఉంటారు, ఇన్వర్టర్ ఇంకా ఆ వైఫై కోసమే వెతుక్కుంటూ ఉంటుంది. కొన్నింట్లో సెల్ మోడెమ్ ఉంటుంది, దాని డేటా ప్లాన్ ఐదేళ్లకి అయిపోతే అదీ మూగబోతుంది. మా ఇంట్లో రౌటర్ మార్చాక నాలుగు నెలలు ఇదే కథ. కరెంటు మాత్రం వస్తూనే ఉంది. ఎండ బాగా ఉన్నప్పుడు గోడకున్న పెట్టె దగ్గరికి వెళ్లి లైట్లు చూడండి. యుటిలిటీ, అంటే కరెంటు కంపెనీ బిల్లులో గ్రిడ్‌కి పంపిన యూనిట్లు కనిపిస్తున్నాయేమో చూడండి. కనిపిస్తే సగం దిగులు తీరినట్టే.

ఇక వారంటీ. అమ్మినాయన 25 ఏళ్లు అన్నది ఏ ఒక్కదాని గురించో, కానీ మీ పైకప్పు మీద మూడు నాలుగు వారంటీలు ఉన్నాయి, ఒక్కోటి ఒక్కొక్కరిది. ప్యానెల్ తయారీలో లోపం ఉంటే ఆ వారంటీ తయారుచేసిన కంపెనీది. పాతవాటికి పది, పన్నెండేళ్లు ఉండేది, ఇప్పుడు చాలావాటికి 25. ఇన్ని ఏళ్ల తర్వాత ఇంత శాతం కరెంటు వస్తుందని ఇచ్చే పర్ఫార్మెన్స్ వారంటీ కూడా వాళ్లదే. దాని మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. తగ్గిందని కొలిచి రుజువు చేయాల్సింది మనమే. ఇన్వర్టర్ వారంటీ ఇన్వర్టర్ కంపెనీది. ఎన్‌ఫేజ్ కంపెనీ మైక్రో ఇన్వర్టర్లయితే (ఒక్కో ప్యానెల్ కింద ఉండే చిన్న ఇన్వర్టర్లు) సాధారణంగా 25 ఏళ్లు. సోలార్‌ఎడ్జ్ అయితే గోడ మీది ఇన్వర్టర్‌కి మామూలుగా 12, ప్యానెళ్ల కిందుండి ఒక్కోదాని కరెంటును సర్దే ఆప్టిమైజర్లకి 25. బ్యాటరీ ఉంటే సాధారణంగా పదేళ్లు. ఇవేవీ పెట్టినవాళ్లు మూతపడితే పోవు.

పోయేది వాళ్ల పనితనానికి ఇచ్చిన వారంటీ. పైకప్పుకి వేసిన రంధ్రాలు, వైరింగ్, బిగింపులు, అన్నీ దాని కిందికే వస్తాయి. దాంతోపాటు ఇంకొకటి పోతుంది, దాని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. నిచ్చెన ఎక్కే మనిషి పోతాడు. తయారీదారు కొత్త పరికరం ఉచితంగా పంపిస్తాడు, కానీ పైకెక్కి మార్చే కూలి చాలాసార్లు మనమే కట్టుకోవాలి. మా ఇంట్లో ఒక మైక్రో ఇన్వర్టర్ పోయినప్పుడు పరికరం పైసా ఖర్చు లేకుండా పోస్టులో వచ్చింది. దాన్ని బిగించే మనిషి దొరకడానికి ఆరు వారాలు పట్టింది. చాలా కంపెనీలు వేరేవాళ్లు పెట్టిన సిస్టమ్‌ని ముట్టుకోవు. ఈ ఫీల్డ్‌లో ఇలాంటివాటిని ఆర్ఫన్ సిస్టమ్ అంటారు, అంటే అనాథ అన్నమాట. ఆ పేరుతో అడిగితే ఎవరు తీసుకుంటారో తొందరగా తెలుస్తుంది.

వేరేవాళ్లు ముట్టుకుంటే వారంటీ పోతుందని కొందరు భయపెడతారు. 1975 నాటి మాగ్నసన్ మాస్ వారంటీ చట్టం ప్రకారం, ఫలానావాళ్లతోనే రిపేర్ చేయించుకోవాలని, లేకపోతే వారంటీ రద్దు అని కంపెనీ మామూలుగా షరతు పెట్టకూడదు. కాకపోతే ఆ వచ్చినవాడు పని పాడుచేస్తే ఆ నష్టం తయారీదారు భరించడు. అందుకే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌నే పిలవండి. మీరు మాత్రం పైకెక్కి కనెక్టర్లు ఊడదీయకండి. ఎండలో ప్యానెల్ ఎప్పుడూ లైవే, దాన్నుంచి వచ్చే డీసీ కరెంటు నిప్పు రాజేస్తే అంత తేలిగ్గా ఆరదు.

ఈ వారాంతం కాగితాల పని పెట్టుకోండి. ఇంటికి సోలార్ పెట్టేటప్పుడు సిటీ లేదా కౌంటీ బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌లో పర్మిట్ తీసుకుంటారు. ఆ ప్లాన్ సెట్ కాపీ కావాలని మీ ఇంటి అడ్రస్ చెప్పి అడగండి. ప్యానెల్ మోడల్, ఇన్వర్టర్ మోడల్, వైరింగ్ బొమ్మ అన్నీ అందులో ఉంటాయి. యుటిలిటీ దగ్గర సిస్టమ్ ఆన్ చేసుకోమని ఇచ్చిన అనుమతి లెటర్ ఉంటుంది, అది పీటీఓ (పర్మిషన్ టు ఆపరేట్). దాని తేదీ తీసుకోండి, సిస్టమ్ వయసు తేలిపోతుంది. ఆ తర్వాత ఇన్వర్టర్ కంపెనీలో సిస్టమ్ మీ పేరు మీదికి మార్పించుకోండి. ఓనరు మారితే వారంటీ దానంతటదే మీ పేరు మీదికి వస్తుందనుకోవద్దు. కొన్ని కంపెనీలు ఫారం అడుగుతాయి, కొన్ని ఫీజు కూడా తీసుకుంటాయి. ఇది చేస్తే మూతపడ్డ కంపెనీ చేతిలో ఉన్న అడ్మిన్ అకౌంట్ బదులు యాప్ మీ చేతికొస్తుంది.

ప్యానెల్ మీది బ్రాండు చూసి తొందరపడి ఒక నిర్ణయానికి రావద్దు. సన్‌పవర్ అనే సోలార్ కంపెనీ 2024 ఆగస్టులో దివాలా పిటిషన్ వేసింది. ఆ పేరున్న ప్యానెళ్లు చాలావరకు తయారుచేసింది 2020లో దాన్నుంచి విడిపోయిన మాక్సియన్. ఎల్‌జీ 2022లో ప్యానెళ్ల వ్యాపారమే మానేసింది, కానీ అమ్మినవాటి వారంటీ నిలబెడతామని చెప్పింది. కాబట్టి బ్రాండు, తయారీదారు, పెట్టినవాళ్లు ఎవరెవరో విడివిడిగా రాసుకోండి.

*

పైన అన్నగారు చెప్పినవన్నీ నిజమే కానీ, పైకప్పు విషయం తేలిగ్గా దాటేశారు. మా ఇంట్లో ప్యానెళ్లు బ్రహ్మాండంగా పని చేశాయి, కారింది కప్పు. బ్రాకెట్ దగ్గర నీళ్లు దిగి సీలింగ్ మీద మరక కనిపించేసరికి పెట్టినవాళ్లు లేరు. ప్యానెల్ కంపెనీ మాకు సంబంధం లేదంది. కప్పు వేసినాయన, మీరు రంధ్రాలు వేయించారు కాబట్టి నా వారంటీ చెల్లదన్నాడు. చివరికి కొన్ని ప్యానెళ్లు దింపి, కప్పు బాగుచేసి, మళ్లీ ఎక్కించే ఖర్చంతా మాదే. మీరు వర్షాకాలం లోపు ఒకసారి అటిక్‌లోకి టార్చ్ పట్టుకుని వెళ్లి, బోల్టులు దిగిన చోట చెక్క నల్లబడిందేమో చూడండి. ఫోటోలు తీసి పెట్టుకోండి.

కంపెనీ దివాలా కోర్టులో ఉంటే క్లెయిమ్ ఫారం వేయొచ్చు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, గడువు మాత్రం ఉంటుంది. నేను వేశాను. ఇప్పటిదాకా ఏమీ రాలేదు, వస్తుందని ఎదురుచూడటమూ మానేశాను. దానికంటే రాష్ట్ర కాంట్రాక్టర్ లైసెన్స్ బోర్డు దగ్గర వాళ్ల బాండు, అంటే కస్టమర్లకి నష్టం జరిగితే ఇవ్వడానికి పెట్టిన పూచీ ఉందేమో చూడటం మేలు. కాలిఫోర్నియాలో 2023 నుంచి ఆ బాండు 25,000 డాలర్లు. మొత్తం కస్టమర్లందరికీ కలిపి అంతే, అది గుర్తుంచుకోండి.

సోలార్ లోను కడుతున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, కోపంతో వాయిదాలు ఆపేయకండి, క్రెడిట్ దెబ్బతింటుంది. ఒప్పందంలో హోల్డర్ నోటీస్ ఉందేమో చూడండి. వినియోగదారుల హక్కులు చూసే ఫెడరల్ సంస్థ ఎఫ్‌టీసీ నిబంధన అది. అది ఉంటే, అమ్మినవాడి మీద మీకున్న ఫిర్యాదులు లోను పట్టుకున్నవాడి మీద కూడా చెల్లుతాయి. ముందు రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి.

*

అందరికీ థాంక్స్. వైఫై కలిపాను, యాప్ బతికింది! ఇరవై ప్యానెళ్లు పని చేస్తున్నాయి. రెండు మాత్రం బూడిద రంగులో ఉన్నాయి. మైక్రో ఇన్వర్టర్లే అని లేబుల్ మీద ఉంది. వెంటనే మనిషిని పిలవనా?

*

తొందరేం లేదు. 22లో రెండు అంటే తొమ్మిది శాతం నష్టం. ముందు సిస్టమ్ మీ పేరుకి మార్పించుకుని, ఆ రెండింటి సీరియల్ నంబర్లతో తయారీదారుకి కేసు పెట్టండి. నెట్‌కి కలిపారు కాబట్టి అక్కడ కూర్చునే పరీక్షించి చెప్తారు. పరికరాలు పంపుతామంటే కూలిలో కొంతైనా ఇస్తారా అని కూడా ఆ కేసులోనే అడగండి. అడగకపోతే వాళ్లు చెప్పరు. పాతవి వెనక్కి పంపడానికి ఎన్ని రోజులిస్తారో తెలుసుకున్నాకే మనిషిని మాట్లాడుకోండి. రెండింటికీ ఒకే విజిట్ అయ్యేలా చూసుకోండి. చార్జీ ఎక్కువగా పైకి ఎక్కినందుకే పడుతుంది.

అతను ప్యానెల్ ఎత్తినప్పుడు వెనకున్న స్టిక్కర్ ఫోటో తీయమనండి. కింద నుంచి ఎంత చూసినా ఆ నంబరు కనిపించదు.