రోజూ నడిపే కారుకు లోయరింగ్ స్ప్రింగులు మేలా, కాయిలోవర్లు మేలా?

నాలుగోగేరు (ప్రశ్న):

నాది ఫ్రంట్ వీల్ డ్రైవ్ హ్యాచ్‌బ్యాక్. ముందు మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్లు (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఉండే నిలువు కాళ్లు), వెనుక టోర్షన్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే, కొంత మెలితిరిగే దూలం) ఉన్నాయి. ఇప్పటికి 85,000 కిలోమీటర్లు తిరిగింది, షాక్ అబ్జార్బర్లు కారుతో వచ్చినవే. టైరుకూ ఫెండరు అంచుకూ మధ్య కనిపించే ఖాళీని కొంత తగ్గించాలనీ, మలుపుల్లో బండి పక్కకు ఒరగడం తగ్గాలనీ నా కోరిక. పొట్టి స్ప్రింగులతో (లోయరింగ్ స్ప్రింగులు) గానీ, ఎత్తు మార్చుకోగల షాకులతో (కాయిలోవర్లు) గానీ 30 మి.మీ. దించితే చాలు. ట్రాక్ మీదకు తీసుకెళ్లే ఉద్దేశం లేదు. రోజూ ఆఫీసుకు వెళ్లేదీ, సెలవు వస్తే నలుగురినీ సామానునూ మోసేదీ ఈ ఒక్క కారే. స్ప్రింగులు మాత్రమే మారిస్తే షాకులు తొందరగా పోతాయని కొందరు, కాయిలోవర్లు వేయిస్తే నడుము పోతుందని మరికొందరు చెబుతున్నారు. ఈ రెండు మాటల వెనుక ఉన్న కారణాలను ఎవరైనా వివరిస్తే, నిర్ణయం నేనే తీసుకోగలను.

పాతస్పానరు:

ముందుగా పేరు సంగతి. మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్‌లో స్ప్రింగు షాకు చుట్టూనే ఉంటుంది కనుక, ఆ లెక్కన మీ కారు ముందు భాగంలో కాయిలోవర్లు మొదటినుంచీ ఉన్నట్టే. ఆ పేరుతో అమ్మేది, ఒంటి మీద మరలు ఉండి, స్ప్రింగు కూర్చునే పళ్లేన్ని పైకీ కిందికీ తిప్పుకోగలిగిన షాకు. టోర్షన్ బీమ్ కార్లకు ఇచ్చే చాలా కిట్లలో అయితే వెనుక స్ప్రింగు వేరుగా, షాకు వేరుగానే ఉంటాయి.

ఇప్పుడు అసలు విషయం. ముందు ఒక్కో చక్రం దగ్గర స్ప్రింగు మోసే బరువు 360 కిలోలు, చక్రం దగ్గర లెక్కకట్టిన గట్టిదనం మి.మీ.కు 22 న్యూటన్లు అనుకుందాం. అప్పుడు బండి సెకనుకు సుమారు 1.24 సార్లు ఊగుతుంది. 25 శాతం గట్టిగా ఉన్న లోయరింగ్ స్ప్రింగు వేస్తే అది 1.39 అవుతుంది. కాయిలోవర్లతో మి.మీ.కు 50 న్యూటన్ల స్ప్రింగు వచ్చిందంటే 1.88కి చేరుతుంది. మామూలు కార్లు సాధారణంగా 1 నుంచి 1.5 మధ్యలో ఉంటాయి. కాబట్టి నడుము నొప్పి అని మీకు చెప్పినవారు బహుశా ఈ చివరి అంకెను అనుభవించినవారై ఉంటారు. ఆ తప్పు కాయిలోవరు అనే వస్తువుది కాదు, దానితో వచ్చిన స్ప్రింగుది.

షాకులు పోతాయన్న మాటలో రెండు విషయాలు కలిసిపోయాయి. స్ప్రింగు 25 శాతం గట్టిపడి, షాకు మాత్రం పాతదే ఉంటే, ఊపును అణిచే నిష్పత్తి దాదాపు 11 శాతం తగ్గుతుంది. కొత్త షాకు ఆ లోటును తట్టుకుంటుంది. 85,000 కిలోమీటర్లు తిరిగిన షాకులో అణిచే బలం అప్పటికే కొంత కరిగి ఉంటుంది కనుక, ఎత్తయిన స్పీడ్ బ్రేకరు దిగగానే ముందు భాగం ఒకసారి లేచి, మళ్లీ దిగి, ఇంకోసారి లేస్తుంది. రెండోదీ, నా దృష్టిలో పెద్దదీ, బంప్ స్టాపు, అంటే షాకు పూర్తిగా నొక్కుకుపోకుండా కడ్డీ మీద ఉండే రబ్బరు దిమ్మె. బండి 30 మి.మీ. దిగితే, షాకు కిందికి నొక్కుకునే చోటులో అదే 30 మి.మీ. పోతుంది. మిగిలిన చోటు చాలకపోతే ప్రతి గుంతకూ షాకు ఆ రబ్బరు దిమ్మెను గుద్దుతుంది. దాన్నే మనం 'స్ప్రింగులు గట్టిగా ఉన్నాయి' అనుకుంటాం.

కొనేముందు ఒక పని చేయండి. స్టీరింగును పూర్తిగా ఒక పక్కకు తిప్పి, స్ట్రట్ మీది డస్ట్ బూటును పైకి జరిపి, మెరిసే కడ్డీకి ఒక కేబుల్ టై బిగించి, దాన్ని షాకు ఒంటికి ఆనించండి. బండి నిలబడి ఉన్నప్పుడు షాకు ఒంటి పై అంచు నుంచి బంప్ స్టాపు కింది అంచు దాకా ఎంత ఖాళీ ఉందో కొలిచి రాసుకోండి. మీరు రోజూ వెళ్లే దారిలో ఒక రోజు తిరిగి వచ్చి, టై ఎంత పైకి జరిగిందో చూడండి. అప్పుడు ఎవరి అభిప్రాయమూ అవసరం ఉండదు.

మరలమెట్టు:

నేను మూడేళ్లుగా కాయిలోవర్ల మీద తిరుగుతున్నాను కనుక వాటి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. మంచి కాయిలోవరుకు ఒళ్లే పొట్టిగా ఉంటుంది, బండిని దించినా నొక్కుకునే చోటు మిగులుతుంది. కొన్నిటిలో ఎత్తును స్ప్రింగు పళ్లెంతో కాకుండా కింది బ్రాకెట్టును తిప్పి మారుస్తారు, అప్పుడు ఎంత దించినా షాకు ప్రయాణం తగ్గదు. పళ్లెం ఒక్కటే తిరిగే రకంలో మాత్రం, దించిన ప్రతి మి.మీ. ఆ ప్రయాణంలోంచే పోతుంది. కొనేవారు మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే అయినా, అందరూ షాకు బిగువును సర్దే నాబ్‌కు ఎన్ని క్లిక్కులు ఉన్నాయనే అడుగుతారు. ఒకే నాబ్ ఉన్న వాటిలో ఆ క్లిక్కులు చాలావరకు షాకు తెరుచుకునే వేగాన్నే సర్దుతాయి. స్ప్రింగు గట్టిదనం వాటితో రవ్వంత కూడా మారదు.

ఇక నా తప్పు. చూడటానికి బాగుందని మొదటి నెలలోనే ముందు భాగాన్ని 55 మి.మీ. దించాను. కింది చేతులు (చక్రాన్ని బండి చట్రానికి కలిపే కంట్రోల్ ఆర్ములు) చక్రం వైపు పైకి లేచినట్టు నిలబడ్డాయి. మలుపుల్లో బండి తక్కువ ఒరుగుతుందనుకుంటే, నేను ఆశించినంత తగ్గలేదు. తరువాత అర్థమైన కారణమేమిటంటే, స్ట్రట్ కార్లలో బండిని దించితే గరిమనాభి కంటే రోల్ సెంటర్ (మలుపులో బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) ఎక్కువగా దిగుతుంది, ఆ రెండిటి మధ్య దూరమే బండిని ఒరగదోసే మీట. గట్టి స్ప్రింగు ఇచ్చిన లాభంలో కొంత భాగాన్ని నేనే ఇలా తినేశాను. దానికితోడు అలైన్‌మెంట్ చేయించకుండా తిరిగినందుకు, 7,000 కిలోమీటర్లకే ముందు టైర్ల లోపలి అంచులు నున్నగా అరిగాయి. అందరూ క్యాంబరును (చక్రం నిలువు నుంచి పక్కకు వాలడం) తిడతారు గానీ, అరగదీసింది టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం). ఇప్పుడు 25 మి.మీ. దగ్గర ఉంచి, రెండేళ్లుగా ముట్టుకోలేదు.

ముట్టుకోకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, ఒప్పుకుంటాను. వర్షాకాలం తరువాత మరల్లో బురద గట్టిపడి పళ్లెం తిరగడం మానేసింది. బ్రష్షుతో శుభ్రం చేసి, తుప్పు పట్టకుండా పూత రాసి, అప్పుడప్పుడు తిప్పుతూ ఉండాలట. ఆ ఓపిక లేనివారు ఎత్తు మారే సౌకర్యానికి డబ్బు పెట్టడం దండగ.

రెండుబుష్షులు:

ప్రశ్నలో రెండే దారులు ఉన్నాయి, మూడోది ఎవరూ ప్రస్తావించలేదు. లోయరింగ్ స్ప్రింగులతో పాటు, దించిన ఎత్తుకు తగ్గట్టు పొట్టిగా చేసిన షాకులు దొరుకుతాయి. ఉదాహరణకు బిల్‌స్టీన్‌లో బీ6 మామూలు ఎత్తుకు, బీ8 దించిన కార్లకు ఉద్దేశించినవి. ఎత్తు ఒకసారి నిర్ణయమైతే మళ్లీ మారదు, మీరు అడిగినది కూడా అదే కదా. 30 మి.మీ. చాలనుకునేవారికి, ట్రాక్ వద్దనుకునేవారికి నేనైతే దీన్నే సూచిస్తాను. 85,000 కిలోమీటర్ల షాకులు ఎలాగూ మార్చే దశకు దగ్గరపడ్డాయి, అదే విప్పుడులో అన్నీ అయిపోతాయి. టాప్ మౌంట్లు (స్ట్రట్ పై కొసను బండికి బిగించే భాగాలు), బేరింగులు, బంప్ స్టాపులు కూడా అప్పుడే కొత్తవి వేయించండి. పాత మౌంటు మీద కొత్త స్ట్రట్ బిగించి, స్టీరింగు తిప్పినప్పుడల్లా టక్కుమంటోందని మళ్లీ విప్పిన సందర్భాలు నాకు తెలుసు.

పని జరిగేటప్పుడు మీరు దగ్గరుండి చూడాల్సినది ఒకటుంది. కింది చేతుల బుష్షుల బోల్టులను చక్రాలు గాలిలో వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. ఆ బుష్షులో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతికి ఉంటుంది. వేలాడే భంగిమలో బిగిస్తే, బండి నేల మీదకు దిగగానే రబ్బరు మెలితిరిగి, రోజంతా ఆ మెలికలోనే ఉండి కొన్ని నెలల్లో చీలుతుంది. బరువు చక్రాల మీద పడిన తరువాతే చివరి బిగింపు చేయించండి. ఆ తరువాత రెండు వారాలు తిరగనిచ్చి, స్ప్రింగులు కుదురుకున్నాక అలైన్‌మెంట్ చేయించండి. తేడా తెలియాలంటే ముందూ తరువాతా చక్రం మధ్య నుంచి ఫెండరు అంచు దాకా కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరులో గాలి కూడా లెక్కలోకి వస్తుంది. హెడ్‌లైట్ల కోణం మరవద్దు. బండి ముందుకంటే వెనుక ఎక్కువగా దిగితే వెలుగు ఎదుటివారి కళ్లలో పడుతుంది. మార్పు చేశాక బీమా కంపెనీకి తెలియజేయడం కూడా మంచిది.

నాలుగోగేరు:

కేబుల్ టై పని పూర్తి చేశాను. బండిలో నేనొక్కడినే ఉన్నప్పుడు ముందు స్ట్రట్‌లో బంప్ స్టాపు దాకా ఉన్న ఖాళీ 45 మి.మీ. ఒక రోజు తిరిగి వచ్చేసరికి టై 38 మి.మీ. జరిగింది. అంటే 30 దించితే నాకు మిగిలేది 15. కొత్త స్ప్రింగు గట్టిగా ఉండి కొంత తక్కువ నొక్కుకుంటుందనుకున్నా, పాత షాకుతో బండి రోజూ దిమ్మె మీదే నడుస్తుందని స్పష్టంగా కనబడింది. బంప్ స్టాపును కోసి పొట్టి చేస్తే సరిపోదా?

పాతస్పానరు:

స్ప్రింగు తయారీదారు ఇచ్చిన కాగితంలో ఎంత కోయాలో రాసి ఉంటే, అంతే కోయవచ్చు. రాయకపోతే వద్దు. ఆ దిమ్మె లేనిచోట కడ్డీ చివర ఉన్న పిస్టను షాకు అడుగు వాల్వును తాకుతుంది, ఆ దెబ్బకు షాకు ఆ రోజే పోవచ్చు. మీ 15 మి.మీ. అంకె చూశాక, పాత షాకుల మీద స్ప్రింగులు మాత్రమే వేయమని నేను చెప్పను. పొట్టి షాకులతో స్ప్రింగులు తీసుకోండి. వెనుక కూడా ఇదే కొలత తీయండి. అక్కడ మాత్రం నలుగురినీ కూర్చోబెట్టి, డిక్కీలో సామాను పెట్టాకే కొలవాలి, ఎందుకంటే వెనుక సీటు బరువూ డిక్కీ బరువూ చాలావరకు వెనుక చక్రాల మీదే పడతాయి.

నాలుగోగేరు:

కొలిచాను. ఖాళీ బండిలో వెనుక 60 మి.మీ. ఉన్నది, అందరూ ఎక్కాక 22కు వచ్చింది. ఇక్కడ కూడా 30 దించితే, సెలవు ప్రయాణమంతా దిమ్మె మీద కూర్చున్నట్టే. కాబట్టి ముందు 30, వెనుక 15 మాత్రమే దించే స్ప్రింగులు, వాటికి సరిపోయే పొట్టి షాకులు వెతుకుతున్నాను. వెనుక టైరు మీద ఖాళీ కాస్త ఎక్కువగానే కనబడుతుంది, కనబడనీ.