అప్‌డేట్: యుద్ధకాలం నవల ఎక్కడ మొదలుపెట్టానంటే

1942లో వైజాగ్‌లో ఉన్న ఒక కుటుంబం మీద నవల రాస్తున్నానని, ఊరి మీద జపాన్ బాంబులు పడ్డ రోజుతోనే మొదలుపెట్టాలా అని ఆమధ్య అడిగాను. చాలామంది వద్దన్నారు. మీ మాటే విన్నాను.

ఇప్పుడు కథ 1941 డిసెంబరు చివర్లో మొదలవుతుంది. బర్మాలోని రంగూన్‌లో కూలికి వెళ్లిన పెద్దకొడుకు దగ్గర్నుంచి ఉత్తరం ఆగిపోతుంది. డిసెంబరు 23న జపాన్ వాళ్లు రంగూన్ మీద బాంబులు వేశారు కదా, ఇంట్లోవాళ్ల టెన్షన్ అక్కడే మొదలు. బాంబు తర్వాతి సంగతి.

వైజాగ్ మీద బాంబులు పడ్డ తేదీ దగ్గర అమ్మమ్మ నన్ను కాపాడింది. "పక్కింటి మేరీ వాళ్ల ఈస్టర్ అయిన మర్నాడేరా" అంటుంది ఎప్పుడూ. నేను నమ్మక ఆదివారం అని రాశాను. క్యాలెండర్ చూస్తే ఏప్రిల్ 6 సోమవారం, ఈస్టర్ దానికి ముందురోజే! కాకినాడ మీద కూడా అదే రోజు పడ్డాయి. ఆ అధ్యాయం మొత్తం తిరగరాశాను.

ఇంకో సిగ్గుచేటు: ఒక పాత్ర చేత "ఆంధ్రప్రదేశ్" అనిపించాను. అప్పుడు మనది మద్రాసు ప్రెసిడెన్సీ! ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో.

బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంకి వెళ్లి ఆనాటి బాంబు చూసొచ్చాను. దాని ముందు పిల్లలు సెల్ఫీలు దిగుతున్నారు. నాకు మాత్రం వన్‌టౌన్ సందులో ఎడ్లబండికి సామాన్లు ఎక్కిస్తున్న అమ్మమ్మ కనిపించింది. బండి అనకాపల్లి వైపు కదిలింది, పిల్లి మాత్రం ఇంట్లోనే ఉండిపోయిందట. ఆ పిల్లి ఇప్పుడు నా మూడో అధ్యాయం.