చికాగో పాత పోస్టాఫీసు: వైవిధ్యం ఎవరి ఘనత?

నదిపక్కఉద్యోగి: మా ఆఫీసు ఉన్నది చికాగో పాత మెయిన్ పోస్టాఫీసు బిల్డింగ్‌లోనే. 1932 నాటికి విస్తరించి కట్టారు. దాదాపు 25 లక్షల చదరపు అడుగులు, అడుగున రైలు పట్టాలు, మధ్యలోంచి హైవే! పోస్టులో సరుకులమ్మే సియర్స్ కంపెనీ కేటలాగులు ఇక్కణ్ణుంచే వెళ్ళేవట. ప్రైవేటు కంపెనీలు నల్లజాతివారిని గుమాస్తా కుర్చీ దరిదాపులకు రానివ్వని రోజుల్లో, పరీక్ష పాసైతే ఇక్కడ ఉద్యోగం దొరికేది. ఆ ఘనత తపాలా శాఖదే అంటాను.

గోదారిగట్టు: అంత తేలిగ్గా ఇచ్చేయకండి. 1914 నుంచి ఫెడరల్ ఉద్యోగ దరఖాస్తుకు ఫొటో జతచేయాలన్నారు. మార్కులొచ్చినా మొహం చూసి పక్కన పెట్టొచ్చు. 1940 దాకా ఆ రూలు పోలేదు. రైళ్ళలో ఉత్తరాలు సార్టింగ్ చేసే రైల్వే మెయిల్ గుమాస్తాల సంఘం తెల్లవాళ్ళకే సభ్యత్వం అంటే, నల్లజాతి గుమాస్తాలు 1913లో టెన్నెసీ రాష్ట్రంలోని చట్టనూగాలో సొంత సంఘం పెట్టుకున్నారు. డిగ్రీ చదివినవాళ్ళు ఉత్తరాలు సార్టింగ్ చేస్తూ కూర్చున్నారంటే, బయట వాళ్ళ చదువుకు విలువ లేకే కదా?

ఆర్ఎమ్ఎస్_తాత: నేను ఇక్కడ మన ఆర్ఎమ్ఎస్‌లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, సార్టర్‌గా రిటైరయ్యాను. పని సంగతి మీరిద్దరూ వదిలేశారు. ఎడమచేతిలో కట్ట, బొటనవేలితో ఒక్కో కవరూ ముందుకు తోస్తూ, చిరునామా మీద చూపు పడేసరికి చెయ్యి గడి దగ్గరుండాలి. అమెరికాలో స్కీమ్ పరీక్ష ఉండేది, ఏ ఊరి ఉత్తరం ఏ గడిలోకో చెప్పాలి. ఇంట్లో చీట్లు పెట్టుకుని ఊళ్ళన్నీ బట్టీ పట్టేవాళ్ళు. అలా నేర్చినవాణ్ణి రంగు చూసి తీసేస్తే మెయిల్ ఆగిపోతుంది నాయనా.

గోదారిగట్టు: తీసేయరు తాతగారూ, పైకి రానివ్వరు. చికాగోకి తొలి నల్లజాతి పోస్ట్‌మాస్టర్ హెన్రీ మెక్‌గీ. వచ్చింది ఎప్పుడు? 1966లో. కోటి దాకా ఉత్తరాలూ పార్సిళ్ళూ ఈ బిల్డింగ్‌లో గుట్టలుపడి పరువు పోయిన ఏడాది!

తుమ్మెద: నల్లజాతి రచయిత రిచర్డ్ రైట్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? 1920ల చివర్లో చికాగో పోస్టాఫీసు పరీక్ష పాసయ్యాడు. 125 పౌండ్ల బరువు లేడని వైద్యపరీక్షలో ఆపేశారు. తిండి పెంచి, బరువు పెరిగి, మళ్ళీ వెళ్ళి చేరాడు. మాంద్యం రాగానే ఆ పనీ పోయింది. రూలులో రంగు మాటే లేదు చూడండి. అయినా అడ్డం పడింది పస్తులున్నవాడికే.

నదిపక్కఉద్యోగి: సరే, శాఖ ఉద్దేశం గొప్పదని నేననలేదు. కానీ ఆ జీతాలతోనే నల్లజాతివారు ఎక్కువగా ఉండే చికాగో సౌత్ సైడ్‌లో ఇళ్ళు కొన్నారు, పిల్లల్ని చదివించుకున్నారు. అది లెక్కలోకి రాదా?

గోదారిగట్టు: వస్తుంది. 1970 మార్చిలో చట్టం ఒప్పుకోకపోయినా తపాలా ఉద్యోగులు సమ్మెకు దిగారు. న్యూయార్క్‌లో మొదలై చికాగో దాకా పాకింది. అధ్యక్షుడు నిక్సన్ న్యూయార్క్‌లో ఉత్తరాల సార్టింగ్‌కి సైనికుల్ని దింపాడు. జీతాలు గట్టిగా పెరిగింది ఆ తర్వాతే. కాబట్టి ఆ లెక్క సమ్మె చేసినవాళ్ళ పేర రాయండి, శాఖ పేర కాదు.