వాచీ, కావలసిన పట్టీ ఒకే దుకాణంలో ఉన్నాయో లేదో తెలుసుకోవడం ఎలా?

మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. నాన్నగారి కోసం ఆపిల్ వాచ్ సిరీస్ 10, 46 మిల్లీమీటర్లది, స్పోర్ట్ లూప్ అనే నేసిన నైలాన్ పట్టీతో విశాఖపట్నంలో కొనదలచాను. రబ్బరు పట్టీ పెడితే ఆయన మణికట్టు దద్దురెక్కుతుంది కనుక పట్టీ విషయంలో రాజీ పడలేను. దుకాణం వెబ్‌సైట్‌లో మా పిన్‌కోడ్ 761200 ఇస్తే ఇంటికి పంపుతామని మాత్రమే వస్తోంది. విశాఖపట్నం పిన్‌కోడ్ 530016 ఇస్తే వాచీ ఉన్నట్టు చూపి, పట్టీ మార్చగానే ఆ వివరం మాయమవుతోంది. బ్రౌజర్ మార్చి చూశాను, యాప్‌లోనూ అంతే. నిన్న ఉదయం 11 గంటలకు, సాయంత్రం 5 గంటలకు ఫోన్ చేస్తే, వాచీ ఉందని, పట్టీ సంగతి వచ్చి చూసుకోమని చెప్పారు. రానూపోనూ ఒక రోజంతా పట్టే ప్రయాణమిది. 45 మిల్లీమీటర్ల వాచీ పట్టీ కూడా దీనికి సరిపోతుంది కాబట్టి విడిగా కొనడానికైనా సిద్ధమే. ఇక్కడి నుంచి బయలుదేరకముందే ఆ దుకాణంలో పట్టీ నిల్వ ఉందో లేదో కచ్చితంగా తెలుసుకునే మార్గం ఏమిటి?