పులోమావి కాలంలో శాతవాహనులకు పోయిన దేశాలు ఏవి?

గోదావరి_పాయ:
పోటీ పరీక్షల పుస్తకాల్లో వాసిష్ఠీపుత్ర పులోమావి గురించి రెండు మాటలు పక్కపక్కనే ఉంటున్నాయి. ఆంధ్రదేశమంతా ఏలాడని ఒకటి, పశ్చిమ భారతాన్ని ఏలిన శక క్షత్రప రాజు రుద్రదాముడి చేతిలో రాజ్యం పోగొట్టుకున్నాడని ఇంకొకటి. ఇంతకీ పోయిందేది, మిగిలిందేది? శాసనాల నుంచే నేరుగా తేల్చుకునే దారి ఉందా?

లిపికారుడు:
ఉందండి. రెండు శాసనాలు ఎదురెదురుగా పెట్టుకోండి.

మొదటిది నాసిక్ 3వ గుహలో ఆయన నాయనమ్మ గౌతమీ బాలశ్రీ వేయించినది. పులోమావి 19వ రాజ్యవర్షం, గ్రీష్మం రెండో పక్షం, 13వ రోజు. కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణి ఏలిన దేశాలను ఆమె వరసగా చెబుతుంది: అసిక, అసక, ములక, సురఠ, కుకుర, అపరాంత, అనూప, విదభ, ఆకరావంతి. రెండోది రుద్రదాముడి జునాగఢ్ శాసనం. అందులోని తేదీ శక 72, అంటే క్రీ.శ. 150. అక్కడి జాబితా: ఆకరావంతి, అనూప, ఆనర్త, సురాష్ట్ర, శ్వభ్ర, మరు, కచ్ఛ, సింధు-సౌవీర, కుకుర, అపరాంత, నిషాద.

రెండింటిలోనూ ఉన్నవి ఐదు. సురాష్ట్ర, కుకుర, అపరాంత (ఉత్తర కొంకణం, సోపారా రేవు ఇక్కడిదే), అనూప (నర్మద ఒడ్డు), ఆకరావంతి (విదిశ, ఉజ్జయినిల వైపు మాళవం). పోయినవి ఇవే. అసిక, అసక, ములక, విదర్భ రుద్రదాముడి జాబితాలో లేవు. ములకం అంటే శాతవాహనుల రాజధాని పైఠాన్ చుట్టుపక్కల నేల, కాబట్టి సొంతగడ్డ చేజారలేదు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. బాలశ్రీ జాబితా చనిపోయిన కొడుకు ఘనత చెప్పేది, 19వ ఏట మనవడి చేతిలో ఉన్న రాజ్యం కాదు. అదే శాసనంలో మనవడిని దక్షిణాపథేశ్వరుడని మాత్రమే అన్నారు. కాబట్టి ఆ ఐదూ 19వ ఏడు తర్వాతే పోయాయని రాయడానికి ఆధారం లేదు.

సీసపు_నాణెం:
పైదానికి కొంచెం చేర్పు. ఉజ్జయిని పోవడాన్ని రుద్రదాముడి ఖాతాలో వేయకండి. గ్రీకు భూగోళకారుడు టాలమీ పైఠాన్‌లో పులోమావి, ఉజ్జయినిలో చష్టనుడు ఉన్నట్టు చెబుతాడు. చష్టనుడు రుద్రదాముడికి తాత. అంటే మాళవం అంతకుముందే చేజారింది.

మిగిలిన నేలలో పాలన ఎలా సాగిందో నాసిక్‌లోనే 22వ ఏటి శాసనం చూపిస్తుంది. భిక్షువులకిచ్చిన సుదసన గ్రామానికి బదులు సామలిపదం ఇమ్మని నాసిక్ దగ్గరి గోవర్ధనంలోని అమాత్యుడు శివఖదిలకు పులోమావి ఆజ్ఞ. దానం ఇచ్చిన ఊరిని మార్చి రాతకోతలు సరిచేయించే స్థితిలో ప్రభుత్వం ఉందన్నమాట. కార్లేలో 24వ ఏటి శాసనమూ ఉంది. తూర్పున అమరావతిలో ఆయన పేరుతో శాసనం దొరికింది.

నాణేలను మాత్రం సరిహద్దు రాళ్లలా వాడొద్దు. నాణెం చేతులు మారుతూ ఎంత దూరమైనా పోతుంది. నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో దొరికిన కుప్పలో గౌతమీపుత్రుడి శత్రువైన క్షత్రపుడు నహపాణుడి వెండి నాణేలు 13 వేలకు పైగా ఉంటే, 9 వేలకు పైగా వాటి మీద గౌతమీపుత్రుడి ముద్ర మళ్లీ కొట్టి ఉంది. శత్రువు వెండినే తిరిగి చలామణిలో పెట్టారు. పులోమావి బొమ్మ ఉన్న వెండి నాణేలు కూడా క్షత్రపుల పద్ధతివే, తూకం సుమారు 2 గ్రాములు.

గోదావరి_పాయ:
ఇద్దరికీ ధన్యవాదాలు. మరి రుద్రదాముడు రెండుసార్లు ఓడించి వదిలేసిన అల్లుడు పులోమావే కదా?

లిపికారుడు:
ఆ పేరు జునాగఢ్ శాసనంలో లేదండి. దక్షిణాపథపతి శాతకర్ణి అనే ఉంది. రెండుసార్లు గెలిచి, దగ్గరి సంబంధం వల్ల నిర్మూలించలేదని రాశారు. ముంబయి దగ్గరి కన్హేరి గుహల శాసనంలో వాసిష్ఠీపుత్ర శ్రీ శాతకర్ణి రాణి కార్దమక వంశపు (రుద్రదాముడి వంశం) ఆడపడుచు, మహాక్షత్రపుడి కూతురు. తండ్రి పేరులో 'రు' అన్న అక్షరం తర్వాత చెరిగిపోయింది. ఈ శాతకర్ణి పులోమావి తమ్ముడని ఎక్కువమంది అభిప్రాయం. ఇద్దరినీ కలిపేసి 'అల్లుడు పులోమావి' అని రాయడం తప్పు.

యుద్ధాలు ఎక్కడ జరిగాయో జునాగఢ్ శాసనంలో వెతక్కండి. అది సుదర్శన తటాకం కట్ట గురించి వేయించినది. తుపానుకు 420 మూరల పొడవు, అంతే వెడల్పు, 75 మూరల లోతు గండి పడితే పూడ్పించిన సంగతే అందులో అసలు విషయం.

సీసపు_నాణెం:
మ్యాప్ గీస్తుంటే అపరాంతానికి వేరే రంగు వేయండి. తర్వాతి శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి 16వ ఏటి శాసనం కన్హేరిలో ఉంది, ఆయన వెండి నాణెం సోపారాలో దొరికింది. అటు తూర్పున చినగంజాంలో 27వ ఏటి శాసనం. అంటే ఆ ఐదింటిలో కొంకణం మళ్లీ చేతికొచ్చింది. మాళవం, సురాష్ట్రలకు అలాంటి శాసనం లేదు.