మూడేళ్ల ఎడబాటు తరువాత ఆ పెద్దల ముందుకు ఎలా వెళ్లాలి?

అందరికీ నమస్కారం. 2020 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించేవరకూ, మా చిన్న బృందం ప్రతి ఆదివారం ఒక వృద్ధాశ్రమానికి వెళ్లి, డిమెన్షియాతో (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్రమంగా తగ్గిపోయే స్థితి) బాధపడుతున్న పెద్దలతో పాటలు పాడించి, తీరిగ్గా కబుర్లు చెప్పి వచ్చేది. ఆ తరువాత మిగిలినవి ఫోను పలకరింపులే. అవి వారికి పెద్దగా చేరలేదనే నా అభిప్రాయం. 2023 మేలో కోవిడ్ అత్యవసర స్థితి ముగిశాక, నిర్వాహకులు మమ్మల్ని మళ్లీ రమ్మన్నారు.

మమ్మల్ని గుర్తుపట్టని వారికి పాత పరిచయం గుర్తుచేయాలా, లేక కొత్తవాళ్లలాగే మొదలుపెట్టాలా? మాస్కు తీస్తే వారి ఆరోగ్యానికి ముప్పేమో, తీయకపోతే మా ముఖమే తెలియదు. ఈ మధ్యలో కన్నుమూసిన వారి గురించి (వారిలో ఇద్దరు నాకు అత్యంత ఆప్తులు) తోటివారు అడిగితే ఏమని చెప్పాలి? ఇలాంటి సేవలో అనుభవమున్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.